ఈఎన్ఎస్3 పోయి ఈఎన్‌పీ1ఎస్0 వచ్చింది: లైనక్స్ వీఎంలలో ఇంటర్‌ఫేస్ పేర్ల గొడవ

బూట్‌లూప్ (ప్రశ్న)

హోస్ట్ (వీఎంలు, అంటే వర్చువల్ మెషిన్లు, నడిపే అసలు కంప్యూటర్) మీద కేవీఎం, దాన్ని సంభాళించే లిబ్‌విర్ట్. గెస్ట్ (వీఎం లోపలి సిస్టమ్) డెబియన్ 12, నెట్‌వర్క్ సెట్టింగులు /ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్‌లో ఉన్నాయి. కమాండ్లు, ఫైల్ పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు మామూలుగానే కొట్టండి.

రెండు వీఎంలు, రెండు తంటాలు.

మొదటిది: పాత హోస్ట్ నుంచి డిస్క్ ఫైల్ ఒక్కటే కొత్త హోస్ట్‌కి కాపీ చేసి, విర్ట్-ఇన్‌స్టాల్ --ఇంపోర్ట్‌తో కొత్త వీఎంగా లేపాను. పాత చోట ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కార్డు) పేరు ఈఎన్ఎస్3. ఇక్కడ బూట్ అయితే అయింది కానీ నెట్‌వర్క్ రాలేదు. కన్సోల్‌లో కనిపించింది ఇది:

క్యానాట్ ఫైండ్ డివైస్ "ఈఎన్ఎస్3"
ఐఎఫ్‌అప్: ఫెయిల్డ్ టు బ్రింగ్ అప్ ఈఎన్ఎస్3

ఐపీ -బీఆర్ లింక్ కొడితే ఎల్ఓ, ఈఎన్‌పీ1ఎస్0 మాత్రమే ఉన్నాయి. మ్యాక్ (కార్డు హార్డ్‌వేర్ చిరునామా) కూడా మారిపోయింది.

రెండోది: రెండు కార్డులున్న గేట్‌వే వీఎం. ముందు ఒక కార్డుతో చేసి, రెండోది తర్వాత తగిలించినప్పుడు పేర్లు ఈఎన్‌పీ1ఎస్0, ఈఎన్‌పీ7ఎస్0. అదే వీఎంని స్క్రిప్టుతో మళ్ళీ కట్టి, రెండు కార్డులూ మొదట్లోనే ఇస్తే ఈఎన్‌పీ1ఎస్0, ఈఎన్‌పీ2ఎస్0 అయ్యాయి. బయటి నెట్‌వర్క్ కార్డు కోసం రాసుకున్న ఫైర్‌వాల్ రూల్స్ అన్నీ ఈఎన్‌పీ7ఎస్0 పేరు మీదే ఉన్నాయి.

ఈ పేర్ల పద్ధతికి "ప్రిడిక్టబుల్" (ముందే ఊహించగలిగేది) అని పేరెందుకు పెట్టారో అర్థం కావడం లేదు. నెట్.ఐఎఫ్‌నేమ్స్=0 (ఈ పద్ధతిని ఆపే కెర్నెల్ ఆప్షన్) పెట్టేసి పాత ఈటీహెచ్0కి పోతే పీడ విరగడవుతుందా? లేక ప్రతి వీఎంలోనూ ఒకే పేరు వచ్చేలా చేసే దారి ఇంకేదైనా ఉందా?

---

కన్సోల్‌బాబాయి

ముందు వీఎంని బతికించుకోండి, కారణాలు తర్వాత. కన్సోల్‌లో రూట్‌గా:

ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ1ఎస్0 డౌన్
ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ1ఎస్0 నేమ్ ఈఎన్ఎస్3
ఐఎఫ్‌అప్ ఈఎన్ఎస్3

మొదటి లైన్ వదిలేయకండి. ఇంటర్‌ఫేస్ అప్‌లో ఉండగా పేరు మార్చబోతే చాలా కెర్నెల్స్ "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అంటాయి. ఈ మార్పు రీబూట్ దాకానే నిలుస్తుంది. అయినా ఎస్ఎస్‌హెచ్ వస్తుంది కాబట్టి మిగతా పని కూర్చుని చేసుకోవచ్చు.

తర్వాత పాత పేరు ఎక్కడెక్కడ ఉందో చూడండి:

గ్రెప్ -ఆర్ఎన్ ఈఎన్ఎస్3 /ఈటీసీ

ఇంటర్‌ఫేసెస్ ఫైల్ ఒక్కటే అనుకుంటారు గానీ సిస్‌కంట్రోల్ ఫైళ్ళు, డీహెచ్‌సీపీ సర్వర్ సెట్టింగు, కీప్‌అలైవ్‌డీ, బ్రిడ్జ్ పోర్టులు, ఇలా ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం ఫైర్‌వాల్. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో (లైనక్స్ ఫైర్‌వాల్) ప్యాకెట్ ఏ కార్డు నుంచి వచ్చిందో చెప్పడానికి ఐఐఎఫ్ అని రాశారా, ఐఐఎఫ్‌నేమ్ అని రాశారా చూడండి. ఐఐఎఫ్ అయితే రూల్ లోడయ్యేటప్పుడే పేరును ఇండెక్స్ నంబరుగా మార్చుకుంటుంది. ఆ పేరుతో ఇంటర్‌ఫేస్ లేకపోతే ఎర్రర్ ఇస్తుంది, ఫైల్ మొత్తం లోడ్ కాదు. అంటే బూట్‌లో ఫైర్‌వాల్ అసలు లేకుండా వీఎం పైకి వచ్చేస్తుంది. ఐఐఎఫ్‌నేమ్ అయితే ఎర్రర్ ఏమీ రాదు, రూల్ బుద్ధిగా లోడవుతుంది, కానీ ఏ ప్యాకెట్‌కీ తగలదు. డిఫాల్ట్ పాలసీ డ్రాప్ అయితే నెట్‌వర్క్ ఆగిపోయి మీకే తెలుస్తుంది. పాలసీ యాక్సెప్ట్ ఉండి, "ఈఎన్‌పీ7ఎస్0 నుంచి వచ్చేవి ఆపు" అని రాసుకుని ఉంటే మాత్రం తలుపు బార్లా తెరిచి ఉన్నట్టే, ఎవరూ గమనించరు. మీ రెండో వీఎం పరిస్థితి అదేనేమో ఇప్పుడే చూసుకోండి.

---

పీసీఐ_పంతులు

"ప్రిడిక్టబుల్" అన్నది అబద్ధం కాదు బూట్‌లూప్ గారూ. ఆ పేరు కార్డుది కాదు, కార్డు కూర్చున్న చోటుది. చోటు మారలేదంటే వంద రీబూట్లు చేసినా పేరు మారదు. మీరు చోటు మార్చారు.

2013లో సిస్టమ్‌డీ 197తో వచ్చిన పద్ధతి ఇది. యూడెవ్ (పరికరాలకు పేర్లు పెట్టే సిస్టమ్‌డీ భాగం) ప్రతి కార్డుకూ కొన్ని పేర్లు తయారు చేసి పెట్టుకుంటుంది, అందులో ఒకటి ఎంచుకుంటుంది. ఈఎన్ అంటే ఈథర్నెట్. ఆ తర్వాత ఓ వస్తే ఫర్మ్‌వేర్ చెప్పిన ఆన్‌బోర్డ్ నంబరు, ఎస్ వస్తే హాట్‌ప్లగ్ స్లాట్ నంబరు, పీ వస్తే పీసీఐ బస్ నంబరు, దాని వెంట ఎస్‌తో ఆ బస్‌లోని డివైస్ నంబరు. 99-డిఫాల్ట్.లింక్ ఫైల్‌లో వరుస ఇలా ఉంటుంది: కీప్, కెర్నెల్, డేటాబేస్, ఆన్‌బోర్డ్, స్లాట్, పాత్. ముందు దొరికింది గెలుస్తుంది. ఏదీ దొరక్కపోతే కెర్నెల్ ఇచ్చిన ఈటీహెచ్0 అలాగే ఉండిపోతుంది. హైపర్-వీ గెస్టులో ఈటీహెచ్0 కనిపించేది అందుకే. అక్కడి కార్డు వీఎంబస్ మీద ఉంటుంది, పీసీఐ చిరునామా ఉండదు.

మీ కార్డుకు ఏయే పేర్లు తయారయ్యాయో చూడాలంటే:

యూడెవ్‌ఏడీఎం టెస్ట్-బిల్టిన్ నెట్_ఐడీ /సిస్/క్లాస్/నెట్/ఈఎన్‌పీ1ఎస్0

పాత వీఎంలో ఇదే కమాండ్ ఈఎన్ఎస్3 మీద కొడితే ఇంచుమించు ఇలా వస్తుంది:

ఐడీ_నెట్_నేమ్_పాత్=ఈఎన్‌పీ0ఎస్3
ఐడీ_నెట్_నేమ్_స్లాట్=ఈఎన్ఎస్3

అంటే అక్కడ రెండు పేర్లూ ఉన్నాయి, వరుసలో స్లాట్ ముందుంది కాబట్టి ఈఎన్ఎస్3 గెలిచింది. కొత్త వీఎంలో స్లాట్ లైనే ఉండదు, పాత్ ఒక్కటే ఉంటుంది.

అది ఎందుకు లేదంటే మెషిన్ టైప్ (వీఎంకి ఇచ్చే మదర్‌బోర్డు నమూనా). పాత వీఎం "పీసీ", అంటే ఐ440ఎఫ్ఎక్స్. అందులో కార్డులన్నీ ఒకే పీసీఐ బస్ 0 మీద ఉంటాయి, ప్రతి స్లాట్‌కీ ఏసీపీఐ (ఫర్మ్‌వేర్ హార్డ్‌వేర్ వివరాలు సిస్టమ్‌కి చెప్పే పట్టికలు) ఒక నంబరు చెబుతుంది. /సిస్/బస్/పీసీఐ/స్లాట్స్/3/అడ్రస్ ఫైల్ చూస్తే 0000:00:03 అని కనిపిస్తుంది. కొత్త విర్ట్-ఇన్‌స్టాల్ మీరు అడగకుండానే క్యూ35 ఎంచుకుంది. అందులో ఒక్కో పరికరం ఒక్కో పీసీఐ ఎక్స్‌ప్రెస్ రూట్ పోర్ట్ వెనక, తన సొంత బస్ మీద కూర్చుంటుంది. బస్ 1, డివైస్ 0: ఈఎన్‌పీ1ఎస్0.

రెండో వీఎం లెక్క కూడా ఇంతే. లిబ్‌విర్ట్ చిరునామాలు పంచేటప్పుడు నెట్‌వర్క్ కార్డులు ముందు వస్తాయి. ఒక కార్డుతో కడితే దానికి బస్ 1, యూఎస్‌బీ కంట్రోలర్‌కి 2, విర్ట్ఐఓ సీరియల్‌కి 3, డిస్క్‌కి 4, బెలూన్‌కి 5, ఆర్ఎన్‌జీకి 6. తర్వాత తగిలించిన కార్డుకు మిగిలింది 7. రెండూ మొదట్లోనే ఇస్తే 1, 2 వాటివే, డిస్క్ సహా మిగతావన్నీ ఒక్కో అంకె వెనక్కి జరుగుతాయి.

ఇంకో చిక్కు చాలామందిని తికమక పెడుతుంది. ఎల్ఎస్‌పీసీఐ చూపించేది పదహారు మూలం అంకెలు, ఇంటర్‌ఫేస్ పేరులో ఉండేది పది మూలం అంకెలు. ప్రాక్స్‌మాక్స్‌లో మొదటి కార్డు ఎల్ఎస్‌పీసీఐలో 00:12.0గా కనిపిస్తుంది, ఇంటర్‌ఫేస్ మాత్రం ఈఎన్ఎస్18. అక్కడి 12 అంటే పది మూలంలో 18. పన్నెండో స్లాట్ ఎక్కడుందని వెతక్కండి.

వీఎంవేర్‌లో ఈఎన్ఎస్192, ఈఎన్ఎస్160, ఈఎన్ఎస్33 లాంటి అంకెలు వింతగా అనిపిస్తాయి గానీ, వీఎంఎక్స్ ఫైల్ తెరిస్తే ఈథర్నెట్0.పీసీఐస్లాట్‌నంబర్ = "192" అని అక్షరాలా రాసి ఉంటుంది. వర్చువల్‌బాక్స్‌లో మొదటి కార్డు కూడా బస్ 0, డివైస్ 3లోనే ఉంటుంది. అయినా పేరు ఈఎన్‌పీ0ఎస్3, ఎందుకంటే అక్కడ స్లాట్ నంబరు చెప్పేవాళ్ళు లేరు. ఒకే డిస్క్‌ని ఈ నాలుగు చోట్లా లేపితే నాలుగు పేర్లు వస్తాయి. తప్పు డిస్క్‌లో లేదు.

---

సున్నా_ఒకటి

నెట్.ఐఎఫ్‌నేమ్స్=0 గురించి. ఒకే ఒక కార్డు ఉన్న వీఎం, ఎప్పటికీ రెండోది రాదు అనుకుంటే పెట్టుకోండి, ఏమీ కాదు. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో గ్రబ్_సీఎమ్‌డీలైన్_లైనక్స్ లైన్‌లో చేర్చి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి, ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో ఈటీహెచ్0 అని మార్చాకే రీబూట్ చేయండి. వరుస తప్పితే మళ్ళీ కన్సోలే గతి.

గేట్‌వే వీఎంకి మాత్రం వద్దు. ఈటీహెచ్0, ఈటీహెచ్1 అన్నవి డ్రైవర్ ఏ కార్డును ముందు పట్టుకుందో దాన్నిబట్టి వచ్చేవి. రెండూ విర్ట్ఐఓ (వీఎంల కోసమే చేసిన కార్డు రకం) అయితే చాలాసార్లు వరుస నిలబడుతుంది, "చాలాసార్లు" అన్నదే ప్రమాదం. ఒకటి విర్ట్ఐఓ, ఇంకొకటి పాస్‌త్రూ కార్డు (హోస్ట్ కార్డును నేరుగా వీఎంకి ఇచ్చేది) అయితే డ్రైవర్లు వేరు, ఏది ముందు లోడైతే అది ఈటీహెచ్0. లోపలిది బయటికి, బయటిది లోపలికి మారితే ఫైర్‌వాల్ తలకిందులే.

మీకు కావలసింది సొంత పేర్లు. లోపలి కార్డుకు లాన్0, బయటి కార్డుకు వాన్0. /ఈటీసీ/సిస్టమ్‌డీ/నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఒక్కో కార్డుకు ఒక్కో ఫైల్. 10-లాన్0.లింక్ ఇలా ఉంటుంది:

[మ్యాచ్]
పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్=52:54:00:12:34:56
టైప్=ఈథర్

[లింక్]
నేమ్=లాన్0
ఆల్టర్నేటివ్‌నేమ్స్‌పాలసీ=డేటాబేస్ ఆన్‌బోర్డ్ స్లాట్ పాత్

రెండోది 10-వాన్0.లింక్, మ్యాక్ చివర 57, నేమ్=వాన్0.

టైప్=ఈథర్ ఊరికే పెట్టలేదు. వట్టి మ్యాక్‌అడ్రస్= వాడితే, అదే మ్యాక్‌ని తీసుకున్న బ్రిడ్జ్, వీల్యాన్ లాంటి వర్చువల్ ఇంటర్‌ఫేస్‌లు కూడా ఈ ఫైల్‌కి తగులుకుంటాయి, వాటి పేరూ లాన్0గా మార్చబోయి లాగ్‌లో ఎర్రర్లు పోగవుతాయి. పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్, టైప్ రెండూ ఉంటే ఆ బెడద లేదు. పర్మనెంట్ మ్యాక్ ఏదో ఈథ్‌టూల్ -పీ (పెద్ద అక్షరం పీ) చూపిస్తుంది.

నేమ్= దగ్గర ఈటీహెచ్0 అని మాత్రం రాయకండి. కెర్నెల్ అప్పటికే ఆ పేరు ఇంకో కార్డుకు ఇచ్చేసి ఉంటే "ఫెయిల్డ్ టు రీనేమ్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ ... ఫైల్ ఎగ్జిస్ట్స్" అని వస్తుంది. అదీ ఒక బూట్‌లో వచ్చి ఒక బూట్‌లో రాదు, పట్టుకోవడం కష్టం. కెర్నెల్ గానీ యూడెవ్ గానీ తమంతట తాము పెట్టని పేరు ఎంచుకోండి. పొడవు 15 అక్షరాలు దాటకూడదు. వీల్యాన్లు ఉంటే ".100" లాంటి తోక కూడా ఆ పదిహేనులోనే ఇమడాలి, కాబట్టి పేరు పొట్టిగా ఉంటేనే మేలు.

ఆఖరి లైన్ వల్ల ఈఎన్‌పీ1ఎస్0 అన్నది మారుపేరుగా మిగులుతుంది, ఐపీ లింక్ షో ఈఎన్‌పీ1ఎస్0 అన్నా పలుకుతుంది. కెర్నెల్ 5.5 నుంచి ఈ సదుపాయం ఉంది. దాన్ని నమ్ముకుని పాత సెట్టింగులు వదిలేయకండి. ఎన్ఎఫ్‌టేబుల్స్ ఐఐఎఫ్‌నేమ్ అసలు పేరుతోనే పోలుస్తుంది, మారుపేరును లెక్కచేయదు.

ఫైళ్ళు పెట్టాక అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ కొట్టి రీబూట్ చేయండి. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోనూ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) ఒక యూడెవ్ నడుస్తుంది, దానికి తన సొంత కాపీ ఉంటుంది. అది పాత లెక్కతో పేరు పెట్టేసి, ఈలోగా కార్డు అప్ అయిపోయిందంటే తర్వాత మార్చడం కుదరదు. ఫెడోరా కుటుంబంలో ఇదే పని డ్రాకట్ -ఎఫ్ చేస్తుంది.

---

బూట్‌లూప్

బాబాయ్ చెప్పింది నిజమే, బయటి వైపు డ్రాప్ రూల్ ఐఐఎఫ్‌నేమ్ ఈఎన్‌పీ7ఎస్0 మీదే ఉంది. కౌంటర్ సున్నా. సరిచేశాను.

సున్నా_ఒకటి గారూ, లింక్ ఫైళ్ళు పెట్టాను, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కట్టాను, రీబూట్ చేశాను. వాన్0 వచ్చింది. లోపలి కార్డు మాత్రం ఈఎన్‌పీ1ఎస్0గానే ఉంది, జర్నల్‌లో ఎర్రర్ కూడా లేదు. ఫైళ్ళ పేర్లు 10-వాన్0.లింక్, 99-లాన్0.లింక్. మ్యాక్ రెండుసార్లు సరిచూశాను.

---

సున్నా_ఒకటి

మ్యాక్ సరిగ్గానే ఉంటుంది. ఫైల్ పేరు చూడండి.

యూడెవ్‌ఏడీఎం ఇన్ఫో /సిస్/క్లాస్/నెట్/ఈఎన్‌పీ1ఎస్0 కొట్టి, ఐడీ_నెట్_లింక్_ఫైల్ అన్న లైన్ చదవండి. అక్కడ 99-డిఫాల్ట్.లింక్ అని ఉంటుంది. లింక్ ఫైళ్ళన్నీ, ఏ ఫోల్డర్‌లో ఉన్నా, పేరు వరుసలో చూస్తారు. మొదట తగిలిన ఒక్క ఫైలే పనిచేస్తుంది, మిగతావాటిని తెరిచి చూడరు. ఇంగ్లిష్ అక్షరాల వరుసలో డీ ముందు, ఎల్ తర్వాత. కాబట్టి 99-డిఫాల్ట్ మీ 99-లాన్0 కంటే ముందు నిలబడి, "ఏ కార్డైనా నాదే" అని పట్టుకుపోయింది. ఎర్రర్ ఎందుకు రాలేదంటే యూడెవ్ దృష్టిలో తప్పేమీ జరగలేదు.

10-లాన్0.లింక్‌గా మార్చి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మళ్ళీ కట్టండి.

"మొదటి ఫైల్ ఒక్కటే" అన్న నియమం వల్ల ఇంకో పర్యవసానం: 99-డిఫాల్ట్‌లో ఉన్న మిగతా సెట్టింగులు మీ కార్డుకు వర్తించవు. మారుపేర్ల లైన్ మళ్ళీ రాయమన్నది అందుకే.

---

కన్సోల్‌బాబాయి

మొదటి వీఎం టెంప్లేట్‌గా వాడే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. మ్యాక్‌తో కట్టిన లింక్ ఫైల్ టెంప్లేట్‌లో ఉంచితే ప్రతి క్లోన్‌లోనూ ఇదే గొడవ మళ్ళీ మొదలు. విర్ట్-క్లోన్ కొత్త మ్యాక్ పుట్టిస్తుంది, ఫైల్‌లో పాతది ఉంటుంది, రెండూ కలవవు. పాత రోజుల్లో 70-పర్సిస్టెంట్-నెట్.రూల్స్ అనే ఫైల్ వల్ల క్లోన్‌లో ఈటీహెచ్0 బదులు ఈటీహెచ్1 వచ్చేది, గుర్తుందా? అదే జబ్బు. చాలా పాత డిస్క్‌ని అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చి ఉంటే /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీలో ఆ ఫైల్ ఇంకా ఉందేమో ఒకసారి చూడండి.

ఒకే కార్డున్న టెంప్లేట్ అయితే మ్యాక్ బదులు డ్రైవర్‌తో పట్టుకోండి:

[మ్యాచ్]
డ్రైవర్=విర్ట్ఐఓ_నెట్
టైప్=ఈథర్

[లింక్]
నేమ్=లాన్0

మెషిన్ టైప్ ఏదైనా, మ్యాక్ ఏదైనా లాన్0 వస్తుంది. రెండో విర్ట్ఐఓ కార్డు తగిలిస్తే మాత్రం రెండూ అదే పేరు కోసం కొట్టుకుంటాయి, ఒకటే గెలుస్తుంది. కాబట్టి ఒంటి కార్డు వీఎంలకే ఇది.

ఇక క్లౌడ్-ఇనిట్ (మొదటి బూట్‌లో సెట్టింగులు రాసే టూల్) ఉన్న ఇమేజ్ అయితే /ఈటీసీ/నెట్‌ప్లాన్/50-క్లౌడ్-ఇనిట్.యామల్ తెరవండి. మ్యాచ్ కింద మ్యాక్, దాని కింద సెట్-నేమ్ రాసి ఉండవచ్చు. క్లోన్ చేసే ముందు క్లౌడ్-ఇనిట్ క్లీన్ కొడితే తర్వాతి బూట్‌లో కొత్త మ్యాక్‌తో మళ్ళీ రాస్తుంది. ఆ ఫైల్‌ని చేత్తో దిద్దుకోవాలనుకుంటే ముందు /ఈటీసీ/క్లౌడ్/క్లౌడ్.సీఎఫ్‌జీ.డీ కింద ఒక ఫైల్ పెట్టి, నెట్‌వర్క్ కాన్ఫిగ్‌ని డిజేబుల్డ్ చేయండి. లేదంటే మీరు దిద్దింది ఎప్పుడో ఒకప్పుడు తుడిచిపెట్టుకుపోతుంది.

నెట్‌వర్క్‌మేనేజర్ ఉంటే ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ షో కొట్టండి. డివైస్ గడిలో రెండు అడ్డగీతలు ఉంటే ఆ ప్రొఫైల్ ఏ కార్డు మీదా నడవడం లేదని, పాత పేరుకు కట్టుబడి కూర్చుని ఉండవచ్చు. ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫైతో కనెక్షన్.ఇంటర్‌ఫేస్-నేమ్ విలువను లాన్0గా మార్చితే సరి.

పేరుతో సంబంధం లేకపోయినా ఇదే పనిలో బయటపడేది మరొకటి: రెండు క్లోన్లకు డీహెచ్‌సీపీ ఒకే ఐపీ ఇవ్వడం. మ్యాక్‌లు వేరైనా ఇలా జరుగుతుంది, ఎందుకంటే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ తన గుర్తింపును /ఈటీసీ/మెషిన్-ఐడీ నుంచి తయారు చేసుకుంటుంది, క్లోన్లలో అది ఒకటే. టెంప్లేట్ ఆపే ముందు:

ట్రంకేట్ -ఎస్ 0 /ఈటీసీ/మెషిన్-ఐడీ

ఫైల్‌ని తీసేయకండి, ఖాళీ చేయండి చాలు. ఆగి ఉన్న వీఎం మీద హోస్ట్ నుంచి విర్ట్-సిస్‌ప్రెప్ -డీ నడిపితే మెషిన్-ఐడీ, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు, పాత యూడెవ్ రూల్స్ అన్నీ ఒకేసారి శుభ్రమవుతాయి. నడుస్తున్న వీఎం మీద నడిపితే డిస్క్ పాడవుతుంది, జాగ్రత్త.

---

పీసీఐ_పంతులు

గెస్ట్ లోపల ముట్టుకోకుండా హోస్ట్ వైపు నుంచే పేరు ఖాయం చేసే దారి ఒకటుంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. క్యూఎము (కేవీఎం వీఎంలను నడిపే ప్రోగ్రామ్) 6.0లో ఏసీపీఐ-ఇండెక్స్ వచ్చింది, లిబ్‌విర్ట్ 7.3.0 నుంచి ఎక్స్‌ఎంఎల్‌లో రాయొచ్చు. విర్ష్ ఎడిట్‌తో తెరిచి, ఇంటర్‌ఫేస్ ట్యాగ్ లోపల ఒక లైన్:

<ఏసీపీఐ ఇండెక్స్='1'/>

రెండో కార్డుకు '2'. ఇది ఫర్మ్‌వేర్ చెప్పిన ఆన్‌బోర్డ్ నంబరు లాగే గెస్టుకు చేరుతుంది. పేర్ల వరుసలో ఆన్‌బోర్డ్ అన్నది స్లాట్, పాత్ కంటే ముందుంది కదా, అందువల్ల ఈఎన్ఓ1, ఈఎన్ఓ2 వస్తాయి. బస్ నంబరు ఏమైనా కానీ, డిస్కులు ఎన్ని తగిలించినా కానీ, మ్యాక్ మారినా కానీ పేరు కదలదు. ఒక వీఎంలో ఒకే నంబరు రెండు పరికరాలకు ఇస్తే క్యూఎము మొదలవడానికే ఒప్పుకోదు.

ఎక్స్‌ఎంఎల్ మార్చాక గెస్ట్ లోపల రీబూట్ చేస్తే చాలదు. వీఎంని పూర్తిగా ఆపి, విర్ష్ స్టార్ట్‌తో మళ్ళీ లేపాలి. లేచాక యూడెవ్‌ఏడీఎం ఇన్ఫోలో ఐడీ_నెట్_నేమ్_ఆన్‌బోర్డ్=ఈఎన్ఓ1 ఉందో లేదో చూసుకోండి. గెస్ట్ బాగా పాతదైతే ఆ లైన్ రాకపోవచ్చు, అప్పుడు లింక్ ఫైలే దిక్కు.

ఇది వద్దనుకుంటే కనీసం చిరునామా అయినా ఖాయం చేయండి. విర్ష్ డంప్‌ఎక్స్‌ఎంఎల్‌లో ప్రతి కార్డు కింద అడ్రస్ టైప్='పీసీఐ' లైన్ ఉంటుంది. వీఎంని ఒకసారి కట్టాక లిబ్‌విర్ట్ దాన్ని మార్చదు. మార్చేది మనమే, స్క్రిప్టుతో మొదటి నుంచి కట్టినప్పుడు. కాబట్టి వీఎంని తరలించాలంటే డిస్క్ ఒక్కటే కాపీ చేయకండి. డంప్‌ఎక్స్‌ఎంఎల్ కూడా తీసుకెళ్ళి కొత్త చోట విర్ష్ డిఫైన్ చేయండి. మెషిన్ టైప్, చిరునామా, మ్యాక్ మూడూ వెంట వస్తాయి, మీ మొదటి సమస్య అసలు పుట్టేదే కాదు. ఒక మాట: ఎక్స్‌ఎంఎల్‌లోని బస్='0x01' అన్నది లిబ్‌విర్ట్ కంట్రోలర్ల లెక్క. గెస్ట్ లోపల కనిపించే బస్ నంబరు సాధారణంగా అదే, కానీ కచ్చితంగా అదే కావాలని లేదు. చివరి మాట ఎప్పుడూ గెస్ట్‌లోని ఎల్ఎస్‌పీసీఐదే.

మెషిన్ వెర్షన్ కూడా చూడండి. మీరు "క్యూ35" అని ఇస్తే, లిబ్‌విర్ట్ ఆ రోజు హోస్ట్‌లో ఉన్న కొత్త వెర్షన్‌ని తగిలించి పీసీ-క్యూ35-8.2 లాగా రాసుకుంటుంది. వెర్షన్ మారితే ఏసీపీఐ పట్టికలు మారొచ్చు, పట్టికలు మారితే స్లాట్ నంబరు కొత్తగా పుట్టొచ్చు లేదా పోవచ్చు. క్యూఎము 6.1లో క్యూ35కి ఏసీపీఐ హాట్‌ప్లగ్ డిఫాల్ట్ అయింది, అలాంటి మార్పులు పేరు దాకా వస్తాయి. నడుస్తున్న వీఎం మెషిన్ వెర్షన్‌ని సరదాకి పెంచకండి.

గెస్ట్ అప్‌గ్రేడ్ కూడా ఒక కారణమే. డెబియన్ 12లో సిస్టమ్‌డీ 252, 13లో 257. పేర్లు కట్టే నియమాలు వెర్షన్‌తో పాటు కొద్దికొద్దిగా మారుతుంటాయి. అప్‌గ్రేడ్‌లో పేరు జారకూడదంటే కెర్నెల్ లైన్‌లో నెట్.నేమింగ్-స్కీమ్=వీ252 అని పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఏ స్కీమ్ నడుస్తోందో ఐడీ_నెట్_నేమింగ్_స్కీమ్ చెబుతుంది. లాన్0, వాన్0 అని సొంత పేర్లు పెట్టుకున్నవాళ్ళకు దీని అవసరం లేదు.

---

బూట్‌లూప్

99 తీసి 10 చేశాను, లాన్0 వచ్చింది. మొదటి వీఎంకి పంతులు గారు చెప్పిన ఏసీపీఐ లైన్ పెట్టాను. ఆపి లేపితే ఈఎన్ఓ1, ఇంకో డిస్క్ తగిలించి చూసినా ఈఎన్ఓ1.

ఒక్క సందేహం. గేట్‌వేలో రెండో కార్డును త్వరలో ఎస్ఆర్-ఐఓవీ (ఒక కార్డును చాలా వర్చువల్ ఫంక్షన్లుగా పంచే పద్ధతి) పాస్‌త్రూకి మారుస్తాను. 10-వాన్0.లింక్ అలాగే పనిచేస్తుందా?

---

సున్నా_ఒకటి

వర్చువల్ ఫంక్షన్‌కి హోస్ట్ నుంచి మ్యాక్ ఖాయం చేస్తేనే. లేకపోతే కొన్ని డ్రైవర్లు ప్రతిసారీ ఒక కొత్త మ్యాక్ పుట్టిస్తాయి, మీ ఫైల్ దేనికీ తగలదు. లిబ్‌విర్ట్‌లో హోస్ట్‌డెవ్‌గా కాకుండా ఇంటర్‌ఫేస్ టైప్='హోస్ట్‌డెవ్'గా రాసి మ్యాక్ లైన్ ఇస్తే, గెస్ట్ లేచే ముందు అదే మ్యాక్‌ని లిబ్‌విర్ట్ ఆ ఫంక్షన్‌కి పెడుతుంది. ఇప్పుడున్న 57తో ముగిసే మ్యాక్‌నే ఇవ్వండి, గెస్టులో ఏమీ మార్చక్కర్లేదు.

పాత విర్ట్ఐఓ కార్డును అదే మ్యాక్‌తో పక్కన ఉంచకండి. రెండూ ఒకే ఫైల్‌కి తగిలి, ముందు వచ్చినది వాన్0 అవుతుంది, రెండోది "ఫైల్ ఎగ్జిస్ట్స్" అంటూ పాత పేరుతో నిలిచిపోతుంది. లైవ్ మైగ్రేషన్ కోసం రెండూ తప్పక ఉండాల్సి వస్తే మ్యాచ్‌లో డ్రైవర్= లైన్ చేర్చి ఏది వాన్0 కావాలో తేల్చండి.